ఎనిమిదో చీర తెగేలోపు

చదువు చెప్పి రిటైరైన వాళ్ళకు ఒక జబ్బుంటుంది. మనిషి దొరికితే చాలు, పాఠం మొదలుపెడతారు. నాకు ఆ జబ్బు కాస్త ముదిరిందనే చెప్పాలి. నల్లగొండలో ఇరవై ఎనిమిదేళ్ళు లా చదివే పిల్లలకు రాజ్యాంగం చెప్పాను. చట్టసభ చేసిన చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందా లేదా అని కోర్టులు పరీక్షించి, లేకపోతే కొట్టేసే అధికారం మన దేశంలో ఉంది. న్యాయ సమీక్ష అంటారు. అది నాకు ముద్దుల పాఠం.

ఆ పాఠం చెప్పే రోజు తప్పకుండా నా ఎర్రగళ్ళ నారాయణపేట చీర కట్టుకుని క్లాసుకు పోయేదాన్ని. "ఇలాంటి కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదే నేయాలి, మరమగ్గం మీద నేయొద్దని పార్లమెంటు చట్టం చేసింది. మాకూ వ్యాపారం చేసుకునే హక్కుంది కదా అని మరమగ్గాల వాళ్ళు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు రెండు వైపులా తూచింది. చేనేత వాళ్ళ బతుకు కాపాడటానికి ఆ మాత్రం ఆంక్ష సబబే అని చట్టాన్ని నిలబెట్టింది" అంటూ కొంగు పట్టి చూపించేదాన్ని. చట్టాన్ని కొట్టేసిన కేసులు అందరూ చెప్తారు. నిలబెట్టిన కేసు చెప్పడంలో నాకు అదో తృప్తి.

నల్లగొండ

మా మేడ మీది గదిలో ఆన్నెకె అనే అమ్మాయి ఆరు నెలలుగా కిరాయికి ఉంటోంది. ముప్పయ్యేళ్ళుంటాయి. నెదర్లాండ్స్ నుంచి మన కోర్టుల మీద పరిశోధన చేయడానికి వచ్చింది. తెలుగులో ఆమెకు గట్టిగా వచ్చిన మాట ఒక్కటే, "చాలు". మన ఇళ్ళల్లో అన్నం వడ్డించేటప్పుడు ఆ మాటను ఎవరూ లెక్కచేయరన్నది వేరే సంగతి. మిగతాదంతా ఆమె ఇంగ్లీషులోనే మాట్లాడేది, నేను ఇక్కడ తెలుగులో చెప్తున్నాను.

ఆమె దేశంలో ఒక వింత ఉంది. పార్లమెంటు చేసిన చట్టం రాజ్యాంగానికి విరుద్ధమా కాదా అని జడ్జీలు చూడకూడదని వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కానీ బయటి దేశాలతో చేసుకున్న ఒప్పందాలకు ఆ చట్టం విరుద్ధమైతే మాత్రం పక్కన పెట్టొచ్చట.

"అంటే మీ ఇంటి పెద్ద మాట అడగరు, పక్కూరి పెద్దను పిలిపిస్తారన్నమాట" అన్నాను.

"మా ఇంటి పెద్దలను మేమే ఓటేసి ఎన్నుకుంటాం. మీ జడ్జీలకు ఎవరు ఓటేశారు?" అంది ఆన్నెకె.

అదిగో, ఆ ఒక్క ప్రశ్నకు నాకు ఎప్పుడూ ఒళ్ళు మండుతుంది. మా నాయిన ఊళ్ళో ఇంకొకరి దగ్గర జీతమున్న మనిషి. సెంటు భూమి లేదు. నేను బడికి పోయి, కాలేజీకి పోయి, అదే కాలేజీలో కుర్చీలో కూర్చున్నానంటే రాజ్యాంగమనే ఆ పుస్తకం పుణ్యమే. మా ఇంట్లో బైబిలు పక్కనే రాజ్యాంగం ఉంటుంది. ఓట్లు ఎక్కువున్న వాళ్ళు ఏ రోజైనా మా లాంటి వాళ్ళను మర్చిపోవచ్చు, అప్పుడు అడగడానికి ఒక తలుపు ఉండాలి. ఆ మాటే ఆమెకు చెప్పాను, కొంచెం గట్టిగానే.

ఆ మర్నాడు దసరా తర్వాత ఖాళీగా ఉన్న బజారులో, చీరల దుకాణం శ్రీను కనిపించాడు. వాళ్ళది నారాయణపేట. చేనేత కేసు ఒకటి పాఠంగా చెప్తానని తప్ప, అందులో ఏముందో అతనికి తెలియదు.

"మేడమ్, మీరు చెప్పే గా కేసు కోసం మా పెద్దనాయిన నర్సప్ప ఢిల్లీ పోయొచ్చిండు, ఎరుకేనా? ఇప్పుడు మగ్గం పీకేస్త అంటుండు" అన్నాడు. "మగ్గానికి ఒక్కపారి పడుగు దారాలెక్కిస్తే ఎనిమిది చీరలు దిగుతయి గదా. ఏడోది నడుస్తాంది. ఎనిమిదోది నేసుడై తెగినంక మగ్గం ఇప్పేసి గుంట పూడ్పిస్తడంట. ఇంట్ల ఎవ్వరు చెప్పినా ఇంటలేడు."

నా పాఠంలో మనిషి నారాయణపేటలో బతికే ఉన్నాడు, ఇరవై ఎనిమిదేళ్ళలో నేను ఒక్కసారీ వెతకలేదు. చీరకు నాలుగైదు రోజులు పడుతుందని శ్రీను చెప్పాడు. అమ్రాబాద్‌లో బడి టీచరుగా ఉన్న నా పాత స్టూడెంటుకు ఆన్నెకె, నేను వస్తామని ముందే మాటిచ్చాం. అడవి చూసుకుని, కొత్తకోట మీదుగా నారాయణపేట చేరినా టైముందని లెక్కేశాను. నా ఎర్రగళ్ళ చీర సంచిలో పైనే పెట్టుకున్నాను.

దేవరకొండ దారి

దేవరకొండ బస్సులో మా పక్క సీటులో ఒక అవ్వ, ఒళ్ళో పల్లీల మూట. ఆన్నెకె రంగు చూసి, నన్ను చూసి, "ఈ పిల్లకు పెండ్లైందా?" అని అడిగింది. కాలేదన్నాను. "ఏం ఫికర్ లేదు, అయితది" అని దోసెడు పల్లీలు ఆమె చేతిలో పోసింది. ఆన్నెకె "చాలు" అంది. అవ్వ ఇంకో దోసెడు పోసింది.

తమ దేశంలో చుట్టానికి కాఫీతో ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తారని ఆన్నెకె చెప్పింది. నేను నవ్వి అవ్వకు చెప్పాను. అవ్వ నమ్మలేదు. "అంత కరువుందా ఆడ?" అని జాలిపడి, దిగేటప్పుడు మిగిలిన పల్లీలు కూడా ఇచ్చేసింది.

దేవరకొండ బస్టాండులో చాయ్ పది రూపాయలు, చిన్న గ్లాసు. మిర్చి బజ్జీ ప్లేటు ముప్పై. ఒక బజ్జీ మొత్తం నోట్లో పెట్టుకున్నాక ఆన్నెకె రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఓట్ల గురించి అడిగే మనిషి అంతసేపు ఊరుకోవడం నాకు హాయిగానే అనిపించింది.

అమ్రాబాద్

మన్ననూరు దాటితే గాలి మారుతుంది. నల్లగొండలో పుట్టిన వాళ్ళకు చెట్టు నీడ అంటే లెక్కపెట్టి చూసుకునేది. ఇక్కడ నల్లమల చెట్లు దారి మీదికి వచ్చి నిలబడి ఉంటాయి. నా స్టూడెంటు మమ్మల్ని పెంటకు తీసుకుపోయాడు, అంటే చెంచుల గూడెం. అక్కడ గురువయ్య అనే తేనె పట్టే మనిషి ఇంటి ముందు కూర్చున్నాం. అరవై దాటి ఉంటాడు, సన్నగా, వెదురు బద్దలా ఉన్నాడు. మాకు గిన్నెలో తేనె, ఉడకబెట్టిన అడవి గడ్డలు పెట్టించాడు.

తేనె పట్టేటప్పుడు పట్టు మొత్తం కోయరట. తేనె ఉన్న వైపు కోసి, పిల్లలున్న వైపు ఈగలకు వదిలేస్తారట. ఆన్నెకె పుస్తకం తీసి రాసుకుంది. "మీ కోర్టులు చట్టంలో చెడ్డ సెక్షను ఒక్కటి తీసేసి మిగతాది ఉంచుతాయన్నారే, ఇలాగేనా?" అని నన్నడిగింది. ఇలాగే అన్నాను. పరీక్షలో నా పిల్లలు కూడా ఇంత బాగా రాయలేదు.

గురువయ్య ఇదంతా విని, మేం కోర్టు సంగతి మాట్లాడుతున్నామని తెలుసుకున్నాడు.

"అమ్మా, మాకు పట్టాలిచ్చే అడవి చట్టమున్నది గదా. దాని మీద కోర్టుల కేసేసిన్రంట. నిజమేనా?"

నిజమే. అడవి హక్కుల చట్టం చెల్లదంటూ కొందరు సుప్రీంకోర్టుకు పోయారు. అదే చెప్పాను. ఆ తలుపు అందరికీ తెరిచే ఉంటుందనీ, మీకు నచ్చిన చట్టం మీద కూడా ఎవరైనా పోవచ్చనీ, మీ మాట కూడా కోర్టు వినాల్సిందేననీ చెప్పాను. నా గొంతు కొంచెం క్లాసు గొంతైపోయింది.

"చట్టం ఢిల్లీల చేసిన్రు. దాని మీద కొట్లాట ఢిల్లీల. మేమేమో ఈడ" అన్నాడు గురువయ్య, గిన్నెలో మిగిలిన తేనె ఆన్నెకె వైపు జరుపుతూ. "ఉన్నదా, పోయిందా అని మాకెవరు చెప్తరు?"

నా దగ్గర జవాబుంది అనుకున్నాను. పేపర్లున్నాయి, ఫోన్లున్నాయి, టీచరున్నాడు అని ఏవో చెప్పాను. ఆయన తల ఊపాడు, మర్యాదకు.

కొత్తకోట

అమ్రాబాద్ నుంచి దిగి, నాగర్‌కర్నూలు, వనపర్తి మీదుగా మర్నాడు మధ్యాహ్నానికి కొత్తకోట చేరాం. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే పెద్ద రోడ్డు ఊరి పక్కనుంచే పోతుంది. లారీలు, సీతాఫలాల బుట్టలు, దుమ్ము. బుట్ట నూట యాభై చెప్పింది అమ్మే ఆమె, వందకిచ్చింది. ఆన్నెకె తన జన్మలో సీతాఫలం చూడలేదు. గింజలు మింగాలా ఉమ్మాలా అని అడిగింది. ఉమ్మమన్నాను. నాలుగు పండ్లు తినేసరికి ఆమె చుట్టూ గింజల ముగ్గు పడింది.

హోటల్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటూ మళ్ళీ వాదన మొదలైంది. నేను ప్రపంచమంతా తిప్పాను. బ్రిటన్‌లో జడ్జి మహా అయితే ఈ చట్టం మనుషుల హక్కులకు సరిపోవడం లేదని చెప్తాడు, మార్చడం మార్చకపోవడం పార్లమెంటు ఇష్టం. ఫ్రాన్సులో చాలా కాలం చట్టం అమల్లోకి రాకముందే చూసేవాళ్ళు, తర్వాత తర్వాతే కేసు నడుస్తుండగా కూడా అడిగే వీలొచ్చింది. జర్మనీలో ఈ పనికి వేరే కోర్టే పెట్టుకున్నారు. అమెరికాలో ఏ జడ్జి అయినా చూడొచ్చు, కానీ ఆ అధికారం వాళ్ళ రాజ్యాంగంలో మాటల్లో రాసి లేదు, జడ్జీలే తీర్పులో చెప్పుకున్నారు.

"మా వాళ్ళు మాత్రం ముందే రాసిపెట్టారు" అన్నాను. "హక్కులకు అడ్డమొచ్చే చట్టం చెల్లదని రాశారు. సామాన్యుడు నేరుగా సుప్రీంకోర్టుకే పోవచ్చని రాశారు. అది ఇంకొకరు ఇచ్చిన దానం కాదు, హక్కు అని రాశారు. రాజ్యాంగానికి చేసిన సవరణలను కూడా మా కోర్టు పరీక్షిస్తుంది. మీలో ఎంతమందికుంది ఈ ధైర్యం?"

పక్క టేబుల్ దగ్గర లారీ డ్రైవరు రొట్టె తినడం ఆపి నన్ను చూశాడు. నాకు గర్వంగానే ఉండింది, దాచుకోను.

ఆన్నెకె నిదానంగా రొట్టె తుంచింది. "మీ దేశంలో చట్టాన్ని ఆపడానికి ఒక్క పూట చాలు. తేల్చడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో మనుషులేం చేస్తారు?"

"ఓపిక పడతారు" అన్నాను. పెద్దదాన్ని కదా, అలా కొట్టిపారేశాను.

ఆ వేడిలోనే బోర్డు చూడకుండా బస్సెక్కించాను. కండక్టరు వచ్చి, "నారాయణపేటనా? గిది గద్వాల పోతది మేడమ్. బోర్డు సూడలేదా?" అన్నాడు. పెబ్బేరులో దిగి, గంటసేపు నిలబడి, వెనక్కి వచ్చి, సరైన బస్సు దొరికేసరికి ఎండ వాలిపోయింది. ఆన్నెకె ఆ తర్వాత వచ్చిన ప్రతి బస్సు బోర్డూ నాకు వేలు పెట్టి చూపించింది. అదే ఎక్కువ బాధ. పైగా సంచిలో సీతాఫలాలు చితికి, నా మిగతా బట్టలన్నీ జిగురయ్యాయి. పైన ఉన్న ఎర్రగళ్ళ చీర ఒక్కటే బతికింది.

నారాయణపేట చేరి, లాడ్జిలో దిగి, ఆ రాత్రి శ్రీనుకు ఫోను చేశాను. "ఎనిమిదోది సగం దాటింది మేడమ్" అన్నాడు. "ఎందుకో మస్తు జల్ది నేస్తుండు."

నారాయణపేట

ఇక్కడి మాటలో మూడు భాషలుంటాయి. రిక్షా అతను మాతో తెలుగులో మాట్లాడి, పక్కవాడితో కన్నడంలో తగువాడి, పాన్ డబ్బా దగ్గర ఉర్దూలో సున్నం అడిగాడు. ఊరి మధ్యలో సన్న గల్లీ. ఒకప్పుడు గల్లీ మొత్తం మగ్గాల చప్పుడేనట, ఇప్పుడు ఒక్క ఇంట్లోంచే వస్తోంది. ఆ చప్పుడు పట్టుకునే నర్సప్ప ఇల్లు కనుక్కున్నాం.

ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని ఉన్నాడు. డెబ్బై అయిదు పైనే, తెల్ల మీసం, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. చెయ్యి మాత్రం ఆగడం లేదు. భార్య ఈరమ్మ చాప వేసి, చాయ్ తెచ్చి, అటుకులు తెచ్చి, మళ్ళీ చాయ్ తెచ్చింది. ఆన్నెకె "చాలు" అని నాలుగుసార్లు అంది.

నేను ఎర్రగళ్ళ చీర కట్టుకుని పోయాను. ముందు దాన్ని చూపించాలనుకున్నాను. "నర్సప్పన్నా, మీ ఊరి చీర. పదిహేనేళ్ళ నుంచి దీన్ని కట్టుకునే మీ కేసు పాఠం చెప్పిన" అన్నాను.

ఆయన మగ్గం ఆపాడు. కళ్ళద్దాలు పైకి నెట్టి, కొంగు అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగుకు పెట్టాడు.

"ఇది మాది కాదమ్మా" అన్నాడు.

"నారాయణపేట అనే ఇచ్చాడు దుకాణంలో."

"మగ్గం మీద బట్ట ముడుసుకోకుంట అడ్డం కర్ర పెడ్తం. దానికి కొసలకు ముండ్లుంటయి." తను నేస్తున్న చీర అంచు చూపించాడు. అంచు పొడుగునా సూది మొన అంత చిల్లులు వరసగా ఉన్నాయి. "గిట్ల గుర్తులుంటయి. నీ చీరకున్నయా సూడు."

చూశాను. లేవు. అటు అంచు చూశాను, అక్కడా లేవు. ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పిన పాఠంలో సగం కాలం మరమగ్గం చీర కట్టుకుని, మరమగ్గం మీద నేయొద్దన్న చట్టం గురించి చెప్పానన్నమాట. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆన్నెకెకు తర్జుమా చేయకుండా తప్పించుకుందామనుకున్నాను. ఆమె నా మొహం చూసే తెలుసుకుంది.

"నీ తప్పేమున్నదమ్మా" అన్నాడు నర్సప్ప. "చట్టమే పోయె. ఇగ ఎవడేం నేస్తే ఎవరడుగుతరు?"

నాకు ముందు అర్థం కాలేదు. "చట్టం పోవడమేంది?"

ఆయన చెప్పాడు. అప్పుడు తనకు ముప్పై అయిదేళ్ళు. ఇంట్లో నాలుగు మగ్గాలు. చట్టం వచ్చిందంటే గల్లీలో మిఠాయి పంచుకున్నారు. ఆరు నెలలు తిరగకుండా కేసులు. నలుగురం కలిసి రైలెక్కి ఢిల్లీ పోయినం, సంచిలో చీర పట్టుకుని, జడ్జికి చూపిస్తే ఆయనకే తెలుస్తదని అనుకున్నం అన్నాడు. లోపలికి ఎవరూ చీర తేనివ్వలేదు. వెనక వరసలో ఒక పూట నిలబడ్డారు, ఒక్క మాటా అర్థం కాలేదు. బయటికొచ్చాక ఒక వకీలు గుమాస్తా చెప్పాడట, చట్టం అమలు ఆపేశారు అని.

"ఇంటికొచ్చిన. గల్లీల అందర్ని పిలిచి చెప్పిన, చట్టం ఆగిపోయింది, ఇగ మనకు దిక్కు లేదు అని. నా మాట ఇన్నరు. ఢిల్లీ పోయొచ్చిన మనిషిని గదా. గా ఏడాదిల ఇంటికిన్ని మగ్గాలు ఇప్పిన్రు. షోలాపురం పోయిన్రు, భీవండి పోయిన్రు. ఆడ పోయి గా మరమగ్గాలే నడిపిన్రు. నేను మూడు ఇప్పిన, ఒకటుంచుకున్న."

"అన్నా, ఆపింది నిజమే" అన్నాను. "కేసు తేలేదాకనే ఆపిన్రు. స్టే అంటరు దాన్ని. కొట్టేయలేదు. కొన్నేళ్ళకు తీర్పొచ్చింది. మీరే గెలిచిన్రు. చట్టం ఇయ్యాలటికి ఉంది."

ఈరమ్మ చాయ్ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎన్నేండ్లైంది?" అన్నాడు ఆయన.

"ముప్పై దాటినయి."

ఆన్నెకె కోసం తెచ్చిన తీర్పు కాయితాలు సంచిలో ఉన్నాయి, సీతాఫలం మరక పడి. బయటికి తీశాను. ఇంగ్లీషు కాయితాలే అయినా ఆయన రెండు చేతులా పట్టుకుని, అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. ఆపిన వార్త ఈ గల్లీకి మూడు రోజుల్లో రైలెక్కి వచ్చింది. నిలబెట్టిన వార్త ఎవరూ మోసుకురాలేదు. గురువయ్య అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు గుర్తొచ్చి సిగ్గేసింది. మనుషులేం చేస్తారని కొత్తకోటలో ఆన్నెకె అడిగింది కదా, ఇదిగో, ఇది చేస్తారు. ఓపిక పట్టడానికి కూడా, ఇంకా తేలలేదని ఎవరో ఒకరు చెప్పాలి.

"నేనే చెప్పిన" అన్నాడు నర్సప్ప. "ఇంటింటికి పోయి నేనే చెప్పిన." కళ్ళద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"నువ్వు ఇన్నది చెప్పినవ్" అంది ఈరమ్మ. "అబద్ధం చెప్పలేదు గదా."

ఆయన మళ్ళీ మగ్గం అందుకున్నాడు. సాయంత్రం దాకా నేస్తూనే ఉన్నాడు. మేం లేచేటప్పుడు మాత్రం తల ఎత్తకుండానే అన్నాడు, "మేడమ్, గా కాయితంల ఉన్న ముచ్చట తెలుగుల రాసియ్యి. పొద్దుగాల రా."

తెల్లారి

లాడ్జి గదిలో కూర్చుని రాశాను. ఇరవై ఎనిమిదేళ్ళు నోట్లో నానిన తీర్పు, ఒక పేజీలో తెలుగులో రాయడానికి ఎన్ని కాయితాలు చింపానో. 'ఆదేశిక సూత్రాలు' అని రాసి కొట్టేశాను. 'కుటీర పరిశ్రమలను ప్రభుత్వం కాపాడాలని రాజ్యాంగంలో ఉంది' అని రాశాను. 'సమంజసమైన ఆంక్ష' అని రాసి, దాన్నీ కొట్టేసి, 'మరమగ్గం వాళ్ళకు నేయడానికి వేరే బట్టలు బోలెడున్నయి, చేతిమగ్గం వాళ్ళకు ఇవే ఉన్నయి, కాబట్టి ఈ చట్టం న్యాయమే' అని రాశాను. అది మంచి తెలుగు. ముందే అలా చెప్పి ఉంటే నా పిల్లలకు మార్కులు ఎక్కువొచ్చేవేమో.

మేం పోయేసరికి నర్సప్ప ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గల్లీలో మిగిలిన పాతవాళ్ళు ఏడెనిమిది మంది అరుగుల మీదికి వచ్చారు. ముందు ఆయనే చెప్పాడు.

"గప్పుడు ఢిల్లీ నుంచొచ్చి చట్టం ఆగిందని మీకు చెప్పిన. అది సగం ముచ్చట. మిగిలిన సగం నాకు నిన్ననే తెలిసింది. తప్పు నాదే, మల్ల పోయి అడగలే." నా కాయితం చేతిలోకి తీసుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. మధ్యలో ఒకచోట ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

చదవడం అయ్యాక ఒక ముసలమ్మ, కొడుకులిద్దరూ భీవండిలో ఉన్న ఆమె, అడిగింది. "అంటే మనం గెలిచినమా?"

"గెలిచినం."

"సుప్రీంకోర్టులనా?"

"ఆడనే."

"మరి జర ముందుగాల చెప్పొద్దా, నర్సప్పా?" అంది ఆమె. తర్వాత ఆమే నవ్వింది. తక్కిన వాళ్ళూ నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ. ఒకాయన నా దగ్గరికొచ్చి ఆ కాయితానికి జిరాక్సు కావాలన్నాడు. షోలాపురంలో ఉన్న తమ్ముడికి పంపుతాడట. అందరికీ ఒక్కోటి తీయించమని ఈరమ్మ పైసలు తీయబోతే, నేను ఊరుకోలేదు.

నాకు అప్పుడు కలిగిన గర్వం కొత్తకోట హోటల్లో కలిగినట్టిది కాదు. జడ్జీలకు ఎవరు ఓటేశారని ఆన్నెకె అడిగింది. చీర సంచిలో పెట్టుకుని నలుగురు రైలెక్కారు. వాళ్ళను ఎవరూ లోపలికి పిలవలేదు, వాళ్ళ భాషలో ఎవరూ మాట్లాడలేదు. అయినా అక్కడ వాళ్ళ బతుకును తూకంలో వేశారు, అది బరువైనదే అన్నారు. నా దేశం గురించి నేను పిల్లలకు చెప్పింది అబద్ధం కాదు, చివరి పేజీ చేరాల్సిన చోటికి చేరలేదంతే. ఇదే ఆన్నెకెకు చెప్పాను. ఆమె ఈసారి ఎదురు ప్రశ్న వేయలేదు. "మా దగ్గర ఆ నలుగురు రైలు దిగినా పోవడానికి ఆ తలుపు లేదు" అని మాత్రం అంది.

లోపల మగ్గం మీద ఎనిమిదో చీర కొంగు అయిపోవచ్చింది. నర్సప్ప వచ్చి గుంటలో కూర్చుని, చివరి నాలుగు వేళ్ళ నేత నేశాడు. ఈరమ్మ కత్తెర తెచ్చి పక్కన పెట్టింది.

చీర దగ్గరగా కోసి తీశాడు. ఇక మిగిలిన పోగులు మగ్గంలోంచి లాగేస్తే పని అయిపోతుంది. అచ్చులో, అంటే మగ్గానికుండే దువ్వెన లాంటి చట్రంలో, వందల పోగులు ఒక్కోటి ఒక్కో సందులోంచి ఎక్కించి ఉంటాయి. మగ్గం నడిపే వాళ్ళు వాటిని ఎప్పుడూ పూర్తిగా తీయరట. జానెడు పోగులు అచ్చులోనే వదిలేసి, కొత్త పడుగు పోగులను ఒక్కోదానికి ఒక్కోటి కలిపి మెలి తిప్పి అతుకుతారు. తీసేశారంటే ఆ మగ్గం ఇక లేనట్టే. ఇదంతా ఈరమ్మ నాకు గుసగుసగా చెప్పింది, కళ్ళు భర్త చేతుల మీదే పెట్టి.

నర్సప్ప కత్తెర పట్టుకుని ఆ పోగులను చూస్తూ కొంతసేపు కూర్చున్నాడు. తర్వాత వాటిని గుప్పిట్లోకి తీసుకుని, నాలుగు కట్టలుగా ముడేసి, అచ్చులోంచి జారిపోకుండా కర్రకు కట్టాడు. కత్తెర ఈరమ్మ చేతికి ఇచ్చేశాడు.

"ఏమైంది? ఎందుకు తీయలేదు?" అని ఆన్నెకె నన్నడిగింది. నేను ఆయన్నడిగాను.

"కొట్టేయలేదమ్మా" అన్నాడు నర్సప్ప, గుంటలోంచి లేచి మోకాళ్ళు నిమురుకుంటూ. "స్టే ఇచ్చిన."

ఈరమ్మ అప్పటికే బయటికి నడిచింది. పట్టు పోగులమ్మే షావుకారు ఇల్లు మూడో గల్లీలో. మా ఆన్నెకె "చాలు" అనకముందే ఆమె మూల తిరిగిపోయింది, ఎనిమిది చీరల పడుగుకు చెప్పి రావడానికి.